అమ్మకు కనిపించే ఆ పిల్లలు ఎవరు?

ప్రశ్న: మా అమ్మకు 76 ఏళ్లు. రెండు కళ్లలోనూ నడిమి చూపునిచ్చే మాక్యులా దెబ్బతిని చూపు బాగా తగ్గింది. నాలుగు నెలలుగా సాయంత్రమయ్యేసరికి వసారాలో రంగురంగుల బట్టలేసుకున్న పిల్లలు కూర్చున్నారంటోంది. వాళ్లు మాట్లాడరట, కాసేపటికి పోతారట. ఒక్కోసారి గోడ నిండా ముగ్గులు కనిపిస్తాయంటుంది. పాల లెక్క, మాత్రల వేళలు మాత్రం పొల్లుపోకుండా చెబుతుంది. మేనత్త గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. అన్నయ్యేమో మతి చెడిందంటున్నాడు. ఎవరికి చూపించాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు రాసినదాంట్లో నాకు బాగా అక్కరకొచ్చిన మాట ‘మాట్లాడరట’. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, చూపు తగ్గిన పెద్దవాళ్లకు బొమ్మలు మాత్రమే కనిపించి, శబ్దం ఏమీ లేక, అవి నిజం కావని వాళ్లకే తెలుస్తుంటే మేం ముందుగా అనుమానించేది చార్లెస్ బోనే సిండ్రోమ్. బోనే జెనీవాకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త. దాదాపు 90 ఏళ్ల తన తాతకు చూపు మందగించాక మనుషులు, పక్షులు, బళ్లు, భవనాలు కనిపించేవని 1760లో రాశాడు. ఆ తాతకు మతి నిక్షేపంగా ఉంది.

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే ముందు ఒక చిన్న పని చేయండి. రూళ్ల కాగితం మీద ఎడమవైపు ఒక ఇంటూ గుర్తు, దానికి నాలుగు వేళ్ల వెడల్పు దూరంలో కుడివైపు ఒక చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఇంటూ గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ జరపండి. ఒకచోట చుక్క మాయమవుతుంది. కంటి నరం బయటికి వెళ్లే ఆ చోట రెటీనాకు, అంటే కంటి వెనకనున్న తెరకు, చూపు లేదు. అయినా అక్కడ మీకు నల్లటి గుంట కనిపించదు, రూళ్లు తెగకుండా సాగిపోతూనే ఉంటాయి. ఆ ముక్క గీసింది మీ మెదడు.

మెదడుకు ఇది రోజూ ఉండే పనే. రెటీనాలో వెలుగును పట్టే కణాలు 12 కోట్లకు పైగా ఉంటే, కంటి నరంలో తీగలు సుమారు 10 లక్షలే. అంటే అంచులు, తేడాలు, కదలికలు ఏరుకుని, కుదించిన సమాచారమే తల వెనక భాగానికి చేరుతుంది. రంగులకు, ముఖాలకు, కదలికకు అక్కడ వేరువేరు ప్రాంతాలున్నాయి. రెటీనా నడిమధ్య ఆవగింజంత చోటుకు మెదడులో దక్కిన జాగా దాని పరిమాణంతో పోలిస్తే చాలా ఎక్కువ. రెటీనాలోని ఆ నడిమి చోటే మాక్యులాలో ఉంది, మీ అమ్మగారికి పాడైంది అదే. కంటి నుంచి కబురు రాకపోయినా మెదడులోని కణాలు ఊరికే కూర్చోవు, వాటంతటవే చురుకవుతాయి. ముఖాల ప్రాంతం కదిలితే ముఖాలు, నమూనాల ప్రాంతం కదిలితే ముగ్గులు. బొమ్మ కనిపించే సమయంలోనే ఆ ప్రాంతం చురుగ్గా ఉండటాన్ని 1998లో లండన్ పరిశోధకులు స్కానింగ్‌లో చూశారు.

చాలామంది ఈ సంగతి బయటికి చెప్పరు. కూతురు మందులు తేవడానికి వెళ్లాక ఒక పెద్దావిడ నా చెవి దగ్గరకొచ్చి, “ఫ్యాను మీద కోతి కూర్చుంటోంది బాబూ, మా అమ్మాయికి చెప్పకు” అంది. కోతి కంటే కూతురు ఏమనుకుంటుందోనన్న భయమే ఆవిడకు ఎక్కువ. మీ అమ్మగారు మీకు చెప్పారు, అదే మేలు.

ముందు కంటి డాక్టరుకే చూపించండి. శుక్లం కూడా ఉంటే తీయించడం, మాక్యులాలో నీరు చేరి ఉంటే ఇంజెక్షన్లు, లేదంటే లో-విజన్ అద్దాలు: చూపు ఏ కాస్త మెరుగైనా బొమ్మలు తగ్గే అవకాశముంది. పిల్లలు కనిపించినప్పుడు లైటు వేయమనండి. తల కదపకుండా కళ్లను కుడికీ ఎడమకూ పావు నిమిషం పాటు తిప్పమనండి. లేచి అటు నడిచినా చాలామందికి పోతాయి. కాలం గడిచేకొద్దీ చాలామందిలో పలచబడతాయి, అయినా అప్పుడప్పుడూ ఏళ్ల తరబడి కనిపిస్తూ ఉండొచ్చు.

మాటలు కూడా వినిపించడం, ఆ పిల్లలకు అన్నం పెట్టమనడం, చేతులు వణకడం, నడక నెమ్మదించడం, పూటకో రకంగా మగతగా ఉండటం ఉంటే న్యూరాలజిస్టుకు చూపించాలి. జ్వరంతో, మూత్రంలో మంటతో అయోమయం మొదలైతే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కొత్తగా ఏ మాత్ర మొదలుపెట్టినా ఆ చీటీ డాక్టరుకు చూపించండి, కొన్ని మందుల వల్లా ఇలా అవుతుంది. మీ అన్నయ్య మాట విని ఎవరో ఇచ్చిన నిద్రమాత్రలు, మతి మాత్రలు మాత్రం వేయకండి.

తాయెత్తు ఆవిడకు ధైర్యంగా ఉంటే ఉండనివ్వండి. వసారాలో ఇంకో బల్బు పెట్టించండి.