సీరంలో గ్లూకోజ్ రీడింగ్ ఎక్కువ వస్తుంటే
బఫర్‌లో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణంలో) చక్కగా పనిచేసే మీ గ్లూకోజ్ సెన్సర్ సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) పెట్టగానే ఎక్కువ చూపిస్తోందన్నారు కదా, దానిలోని ఎంజైమ్‌ని, అంటే గ్లూకోజ్ ఆక్సిడేజ్‌ని, అప్పుడే అనుమానించకండి. ఆ ఎంజైమ్ గ్లూకోజ్ నుంచి తయారుచేసే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని మీరు ప్లాటినం ఎలక్ట్రోడ్ మీద 0.6 వోల్టుల దగ్గర కొలుస్తున్నారు, ఆ వోల్టేజీలో విటమిన్ సి, యూరిక్ ఆసిడ్, ఒకవేళ ఉంటే పారాసెటమాల్ కూడా ఆక్సీకరణ చెంది తమ కరెంటునీ అందులో కలిపేస్తాయి.

ముందు ఇది చేయండి: గ్లూకోజ్ ఆక్సిడేజ్ బదులు అల్బుమిన్ (గ్లూకోజ్‌తో చర్య జరపని ప్రోటీన్) పూసిన ఎలక్ట్రోడ్‌ని అదే సీరంలో ముంచి చూడండి. అక్కడా కరెంటు గట్టిగా వస్తే దొంగ దొరికినట్టే.

నాఫియాన్ అనే పాలిమర్ పొర వేస్తే దాని ఋణావేశం, అదే ఆవేశం ఉన్న విటమిన్ సి, యూరిక్ ఆసిడ్‌లని చాలావరకు ఆపుతుంది, పారాసెటమాల్‌కి ఆవేశం లేదు కాబట్టి అది దూరిపోతుంది. అందుకే నా ఓటు ప్రష్యన్ బ్లూ అనే ఇనుప సమ్మేళనం పూతకే, సున్నా వోల్టుల దగ్గరే పెరాక్సైడ్‌ని పట్టుకుంటుంది, అక్కడ ఈ మూడూ దాదాపుగా ఆక్సీకరణ చెందవు. కాకపోతే క్షార ద్రావణంలో అది నిలవదు, సీరంని బఫర్‌తో పలుచన చేసి పీహెచ్ 7 దాటకుండా చూసుకోండి.