కుట్టు కింద పుట్టే తిత్తి

అమ్మా,

జిల్లా ఆసుపత్రిలో పిల్లల సర్జన్‌గా చేరావు కాబట్టి ఈ కేసు నీ ఓపీకి రాక మానదు. సున్తీ తర్వాతో, హైపోస్పేడియాస్ (మూత్రరంధ్రం అంగం కిందివైపు ఉండే పుట్టుకతోటి లోపం) సరిచేశాకో నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచాక మచ్చ మీద బఠాణీ గింజంత గడ్డ తేలుతుంది. తెల్లగా, గట్టిగా ఉంటుంది, నొప్పుండదు. తల్లిదండ్రులు క్యాన్సరేమోనని బెంబేలెత్తి వస్తారు. ముందు ఆ భయం తీర్చు. కుట్టేటప్పుడు పైచర్మం అంచు లోపలికి మడతపడితే, అది అక్కడా కెరాటిన్ (చర్మం పైపొరలోని గట్టి పదార్థం) రాలుస్తూనే ఉంటుంది. పోయే దారి లేక పేరుకుని తిత్తి కడుతుంది. అంతే.

కోసే ముందు, హైపోస్పేడియాస్ పిల్లాడైతే మూత్రం పోస్తుండగా చూడు. అప్పుడే ఉబ్బి, నొక్కితే చుక్కలు కారితే అది మూత్రనాళపు డైవర్టికులం, అంటే నాళం గోడ సంచిలా ఉబ్బడం, తిత్తి కాదు. దీన్ని పొరబడితే చాలా నష్టం. సున్తీ కాని పిల్లాడికి ముందరి చర్మం కింద కనిపించే తెల్లటి ముత్యాలు స్మెగ్మా, అంటే పేరుకున్న చర్మపు పొట్టు, వాటిని ముట్టుకోకు.

సూదితో పొడిచి పిండమని ఎవరైనా అంటే వినకు. గోడ లోపలే ఉండిపోతే మళ్లీ నిండుతుంది. మచ్చతో కలిపి కంటి ఆకారంలో గాటు పెట్టి, గోడ పగలకుండా చుట్టూ విడదీసి మొత్తం తీయాలి. హైపోస్పేడియాస్‌లో ముందే 6 లేదా 8 ఫ్రెంచ్ సైజు సన్న గొట్టం మూత్రనాళంలో పెట్టుకుంటే నాళం ఎక్కడుందో వేలికి తెలుస్తుంది. దానికి చిల్లు పడిందా, ఫిస్టులా (మూత్రం బయటికి కారే అడ్డదారి) వచ్చినట్టే. గోడ పగిలితే సెలైన్‌తో కడిగి, పొర ముక్కలన్నీ ఏరెయ్. తీసినదాన్ని పాథాలజీకి పంపు.

ఎర్రబడి నొప్పిగా ఉంటే ఆ రోజు తీయొద్దు, గోడ పెళుసుగా ఉండి చేతిలోనే చిట్లిపోతుంది. యాంటీబయాటిక్ ఇచ్చి, చీముంటే చిన్న గాటుతో వదిలి, వాపు పూర్తిగా దిగాక కొన్ని వారాలకు పిలువు.

అసలు రాకుండా చూసుకోవడం మొదటి ఆపరేషన్‌లోనే నీ చేతిలో ఉంది. లూప్ (భూతద్దాల కళ్లజోడు) పెట్టుకుని, 6-0 లేదా 7-0 సైజు, అంటే చాలా సన్నని, కరిగే దారంతో, అంచులు లోపలికి తిరగకుండా కుట్టు. చర్మపు ఫ్లాప్ (పక్క నుంచి తిప్పి తెచ్చిన చర్మపు ముక్క) మీది పైపొర తీసి లోపలి కప్పుగా వాడుతుంటే ఆ పొరను పూర్తిగా గీసెయ్, రవ్వంత మిగిలినా తిత్తికి బీజమే. కుట్టు రంధ్రాల వెంట చర్మం పెరిగి సన్నని సొరంగాలు కూడా ఏర్పడతాయి. వాటికి పైకప్పు తెరిస్తే చాలు, తిత్తి ఉందేమోనని లోతుకు వెళ్లకు.