8కే టీవీ కొనే ముందు సోఫా నుంచి టేపు పెట్టి కొలవండి

ప్రశ్న: మా పాత టీవీ 40 అంగుళాల ఫుల్ హెచ్‌డీది, మొన్న పూర్తిగా పోయింది. ఇప్పుడు 65 అంగుళాలది తీసుకుందాం అనుకుంటున్నాం. మావాడేమో కొంటే 8కేనే కొను నాన్నా, ఇంకో పదేళ్లు చూసుకోనక్కర్లేదు అంటాడు. మా ఆవిడేమో చూసేది న్యూసూ సీరియళ్లూ, రాత్రిళ్లు ఓటీటీలో ఓ సినిమా, దానికి 4కే కూడా ఎక్కువే అంటుంది. సోఫాకీ టీవీ పెట్టే గోడకీ మధ్య తొమ్మిది అడుగులుంటుంది. ఎవరి మాట వినమంటారు?

జవాబు: మీ ఆవిడకి ముప్పావు మార్కులు, మీవాడికి సున్నా. ఆ పోయిన పావు మార్కు ఎందుకో తర్వాత చెప్తా.

ఉత్తరం చివర్లో తొమ్మిది అడుగులు అని రాశారు చూడండి, సగం జవాబు అక్కడే ఉంది. ఫుల్ హెచ్‌డీలో 1920 బై 1080, అంటే 20 లక్షల పైచిలుకు చుక్కలు (పిక్సెళ్లు). 4కేలో 3840 బై 2160, దాదాపు 83 లక్షలు, 8కేలో 3 కోట్ల 30 లక్షల పైనే, అంటే మెట్టు మెట్టుకీ నాలుగింతలు. షాపువాడు ఈ లెక్కే చెప్తాడు, వినడానికి బానే ఉంటుంది, కానీ కంటికి ఆ లెక్క పట్టదు, కంటికి కావాల్సింది కూర్చున్న చోటి నుంచి చూసే కోణంలో ఒక డిగ్రీ వెడల్పులో ఎన్ని చుక్కలు పడుతున్నాయి అన్నదే. కళ్ల డాక్టర్ దగ్గర చార్టు చదివితే నార్మల్ అంటారే, ఆ చూపుకి డిగ్రీకి 60 చుక్కలు చాలు అని పాత లెక్క. 2025లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ, మెటా (ఫేస్‌బుక్ వాళ్ల కంపెనీ) పరిశోధకులు కలిసి మళ్లీ కొలిస్తే నలుపు తెలుపు గీతల మీద అది సగటున 94 దాకా వచ్చింది, సరే ఆ పెద్ద లెక్కే తీసుకుందాం. మీ సోఫాలోంచి 65 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర డిగ్రీకి సుమారు 64 ఇస్తుంది, 4కే 128 ఇస్తుంది, 8కే 255. అంటే 4కే దగ్గరే మీ కన్ను చేతులెత్తేసింది, ఆ పైన ఎన్ని చుక్కలు పోసినా బూడిదలో పోసిన పన్నీరే. తేడా తెలియాలంటే ఆరున్నర అడుగుల లోపలికి కుర్చీ లాక్కోవాలి, న్యూస్ కోసం అంత అవసరమా చెప్పండి.

ఇక పదేళ్లు చూసుకోనక్కర్లేదు అన్న మాట. యూట్యూబ్‌లో 8కే 2015 నుంచే ఉంది, జపాన్‌లో ఎన్‌హెచ్‌కే అనే ప్రసార సంస్థ వాళ్లు 2018 డిసెంబర్ 1న ఏకంగా 8కే ఛానలే మొదలెట్టారు. ఇన్నేళ్లయ్యాక కూడా 8కేలో చూద్దామని వెతికితే ఎక్కువగా దొరికేవి కొండలు, జలపాతాలు, డ్రోన్ షాట్లు. నెట్‌ఫ్లిక్స్‌లో అన్నిటికంటే పై క్వాలిటీ 4కేనే. అసలు థియేటర్ కోసం చేసిన సినిమాలే బోలెడన్ని 2కేలో, అంటే అడ్డంగా 2048 చుక్కల్లో ఫినిష్ చేసినవి, మనకి 4కే అని కనిపించేది కొన్నిసార్లు అది సాగదీసిందే. అలాంటప్పుడు 8కే టీవీ చేసేదేంటంటే, ఫుల్ హెచ్‌డీ బొమ్మ వస్తే ప్రతి 16 చుక్కల్లో 15 తనే ఊహించి నింపుతుంది. ఈమధ్య టీవీలు బానే ఊహిస్తున్నాయి, కాదనను, కానీ ఆ ఊహకి అంత డబ్బా?

చుక్కల కంటే డేటా ముఖ్యం. 4కేకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్ కనెక్షన్, అదే ఫుల్ హెచ్‌డీ బ్లూ-రే డిస్కులో ఒక్క వీడియోకే 40 దాకా ఇవ్వొచ్చు, 4కే డిస్కులో అయితే మొత్తం కలిపి 128 దాకా. చీకటి సీను వచ్చినప్పుడు గమనించండి, గోడ మీద దీపం వెలుతురు మెల్లగా పల్చబడాల్సింది పోయి ఉల్లిపాయ పొరల్లా రింగులు రింగులుగా కనిపిస్తుంది, అది చుక్కలు తక్కువై కాదు, డేటాని నొక్కేయడం వల్ల, రంగుల మెట్లు చాలకపోవడం వల్ల. మామూలు వీడియోలో ఒక్కో రంగుకి 256 మెట్లు, హెచ్‌డీఆర్‌లో, అంటే వెలుగు చీకట్ల తేడా ఎక్కువగా చూపించే వీడియోలో, 1024. మీ ఆవిడకి తగ్గించిన పావు మార్కు ఇందుకే, 4కే తీసుకోండి, కానీ చుక్కల కోసం కాదు, మంచి హెచ్‌డీఆర్ 4కే సెట్లలోనే వస్తోంది కాబట్టి. అట్ట మీద హెచ్‌డీఆర్ అని రాసున్నవన్నీ హెచ్‌డీఆర్ కాదండోయ్, తెరకి వెలుతురు లేకపోతే అది స్టిక్కర్ మాత్రమే.

నా సంగతి కూడా చెప్తా, నవ్వుకోండి. 4కే టీవీ కొన్న కొత్తలో ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూశారా ఆ క్లారిటీ అని నెలరోజులు చూపించుకున్నా. ఓ రోజు రిమోట్‌లో ఇన్ఫో బటన్ పొరపాటున నొక్కితే మూలన 1080 అని వచ్చింది. నేను కట్టేది ఆ యాప్‌లో చిన్న ప్లాన్, దాన్లో 4కేనే లేదు. అదీ నా కళ్ల గొప్ప.

ప్రశ్న: 4కే టీవీ కొన్నాక పాత సీరియళ్లు ఇదివరకటి కంటే దరిద్రంగా కనిపిస్తున్నాయి సార్, టీవీలో లోపమా?

జవాబు: లోపం కాదండీ. ఆ కాలం వీడియో టేపు బొమ్మ 720 బై 576, అంటే 4 లక్షల పైచిలుకు చుక్కలు, దాన్ని 83 లక్షల మీదకి లాగితే ఇరవైలో పంతొమ్మిది టీవీ కల్పనే, మొహాలు మైనం పూసినట్టు ఉంటాయి. పైగా తెర కూడా పెద్దదయింది కదా. పాత సినిమాల సంగతి వేరు, ఫిల్ము మీద తీశారు కాబట్టి నెగెటివ్ బాగుంటే ఇప్పుడు 4కేలో మళ్లీ స్కాన్ చేసుకోవచ్చు, టేపు మీద తీసినదానికి ఆ అదృష్టం లేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, అక్షరాల చుట్టూ తెల్లటి అంచు కనిపిస్తోందంటే అది ఎక్కువున్నట్టే. సినిమాలకి ఫిల్మ్‌మేకర్ మోడ్ (టీవీ సొంతంగా దిద్దే మెరుగులు ఆపేసే పిక్చర్ సెట్టింగ్) పెట్టుకోండి.

ప్రశ్న: సినిమాలకి వద్దు సరే, గేమ్స్‌కి 8కే పనికొస్తుందా?

జవాబు: 8కేలో గేమ్‌ని సాఫీగా నడపడం ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులకే కష్టం, ఆ శక్తి ఏదో 4కేలో సెకనుకి 120 ఫ్రేములకి వాడుకుంటే ఆట బావుంటుంది. చూడాల్సింది గేమ్ బాక్సు కేబుల్ గుచ్చే హెచ్‌డీఎంఐ పోర్టులు. హెచ్‌డీఎంఐ 2.0లో సెకనుకి 18 గిగాబిట్ల డేటానే పడుతుంది, అంటే 4కేలో సెకనుకి 60 ఫ్రేముల వరకే, 2.1లో 48 గిగాబిట్ల దాకా. టీవీకి నాలుగు పోర్టులుంటే కొన్నిట్లో అన్నీ 2.1 ఉండవు, ఒకటో రెండో ఉంటాయి, అందులో ఒకటి సౌండ్‌బార్ పెట్టుకోవాల్సిన పోర్టే అయి కూర్చుంటుంది. కొనే ముందే టీవీ వెనక్కి వెళ్లి చూసుకోండి, చాలావాటికి పోర్టు పక్కన చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.