జ్యూరీలో ఆమెకూ ఓ కుర్చీ వెయ్యి

అమ్మాయీ,

ఆశీస్సులు. డిజైన్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరావని, సామాజిక అవసరాల ప్రాజెక్టు నీకే అప్పజెప్పారని రాశావు. సంతోషం. ఆ ప్రాజెక్టును ఏళ్ల తరబడి తప్పుగా నేర్పినవాణ్ణి, కాబట్టి నా మాట కాస్త విను.

ఓ ఏడాది మా కుర్రాడొకడు ఫుట్‌పాత్ మీద కూరగాయలమ్మే ఆమె కోసం మడతబండి చేశాడు. ముచ్చటగా ఉంది. పిల్లల పని చూసి మార్కులేసే జ్యూరీలో ముగ్గురం కళ్లు మూసుకుని ఫస్టు మార్కు వేశాం. తరవాత బండి ఆమెకే ఇద్దామని తీసుకెళ్తే, చుట్టూ తిరిగి చూసి, "బాగానే ఉంది గానీ బాబూ, పోలీసులొస్తే ఇది మడిచేదాకా ఆగుతారా?" అంది. ఆమె సరుకు పరిచిన పట్టాకి నాలుగు మూలలా తాళ్లున్నాయి. ఒక్క లాగు లాగితే మూటైపోతుంది. మావాడి బండికి ఆరు బోల్టులు. ఆ తాళ్లు వాడు తీసిన ఫొటోలన్నిట్లోనూ ఉన్నాయి, మా కంటికే ఆనలేదు.

అందుకే మొదటి రెండు వారాలు పిల్లల చేత ఏమీ గీయించకు. వెళ్లి ఎవరికోసం చేస్తున్నారో ఆమె పక్కన కూర్చోమను, మూట మొయ్యమను. ప్రశ్నల కాగితం మాత్రం పట్టుకెళ్లనివ్వకు. అడిగితే మనవాళ్లు మర్యాదకి "అంతా బాగానే ఉంది" అనేస్తారు.

ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం సంగతి పిల్లలకి చెప్పు. ఆలేరు దగ్గర శారాజీపేట ఆయనది. ఆసు పోయడానికి, అంటే చీర నేసేముందు దారం సిద్ధం చెయ్యడానికి, వాళ్లమ్మ లక్ష్మి అర్ధచక్రంలా పాతిన కొయ్యల చుట్టూ దారం తిప్పుతూ, చీర ఒక్కదానికి దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడించేది. భుజం నొప్పితో ఇక పోయలేనంది. ఆరో తరగతితో బడి మానేసిన ఆ కొడుకు 1992లో మొదలెడితే, ఆసు యంత్రం 1999కి గానీ పూర్తి కాలేదు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పిల్లలు పద్మశ్రీనే గుర్తుపెట్టుకుంటారు, నువ్వు ఆ ఏడేళ్ల గురించి చెప్పు. వాళ్లమ్మ చెయ్యి రోజూ ఆయన కళ్లముందే ఉంది. మన పిల్లలకి ఒక్క సెమిస్టరే, అందులో యంత్రం పుట్టదు. ఒకరి కష్టం ఎక్కడ పుడుతోందో సరిగ్గా పట్టుకున్నవాడికి, చేతిలో చేసిన వస్తువు లేకపోయినా మార్కులెయ్యి. పై వాళ్లు ఒప్పుకోరు, పోట్లాడు.

ఇంకొక్కటి. ఎవరికోసం చేశారో ఆమెని జ్యూరీకి పిలు, మన కుర్చీలాంటిదే వెయ్యి, తెలుగులోనే మాట్లాడించు. బేరం పోగొట్టుకుని వస్తుంది కనక ఆ రోజు సంపాదన చేతిలో పెట్టు. ఏ పద్దు కింద రాయాలని అకౌంట్సు వాళ్లు గొణుగుతారు. అతిథి ఉపన్యాసం అని రాయించు.

ఇట్లు,
మీ మాస్టారు