బ్లాక్డ్ అకౌంట్ కోసం అత్యవసర నిధిని కరిగించకండి

ప్రశ్న: నా వయసు 51. విశాఖపట్నంలో ప్రైవేటు ఉద్యోగం. నెలకు 85 వేలు చేతికొస్తాయి. ఇంటి ఖర్చు 40 వేలు, గృహరుణం వాయిదా 24 వేలు. ఆ వాయిదాలు ఇంకా ఏడేళ్లు ఉన్నాయి. మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ పూర్తిచేసింది. జర్మనీలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఇంధన, పర్యావరణ ఇంజినీరింగ్ ఎంఎస్‌లో సీటు వచ్చింది. ట్యూషన్ ఫీజు లేదు. వీసా కోసం, మొదటి ఏడాది ఖర్చును నెలనెలా కొంత చొప్పున మాత్రమే విడుదల చేసే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేయాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ 4.5 లక్షలు తీసేసి, నగలపై 4 లక్షలు, వ్యక్తిగత రుణం 5 లక్షలు తెద్దామనుకుంటున్నాను. విద్యారుణానికి కాగితాలు ఎక్కువ, ఆలస్యం అంటున్నారు. వ్యక్తిగత రుణం రెండు రోజుల్లో వస్తుంది. అమ్మాయి పెళ్లికని పోగేసిన మ్యూచువల్ ఫండ్లు 3.8 లక్షలు ఉన్నాయి, వాటిని ముట్టుకోను. ఊళ్లో 200 గజాల ఇంటిస్థలం కూడా ఉంది. రెండో ఏడాది ఖర్చు పార్ట్‌టైమ్ ఉద్యోగంతో తానే చూసుకుంటానని అమ్మాయి అంటోంది. నా ప్రణాళిక సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య తరచూ వస్తున్నాయి. కోర్సు, దేశం మారినా తప్పు మాత్రం ఒకటే కాబట్టి మీ ఉత్తరానికి వివరంగా జవాబిస్తున్నాను. మీ అమ్మాయి చదువును నేను తప్పుపట్టడం లేదు. మురుగునీటి శుద్ధి, బయోగ్యాస్, పవన విద్యుత్తు వంటి రంగాల్లో జర్మనీ కంటే మంచి బడి దొరకడం కష్టం. నేను తప్పుపట్టేది డబ్బు తెచ్చే దారిని.

మీ లెక్కనే వేసి చూద్దాం. 85 వేలలో ఇంటి ఖర్చు, గృహరుణం పోగా మిగిలేది 21 వేలు. 5 లక్షల వ్యక్తిగత రుణాన్ని 14 శాతం వడ్డీకి మూడేళ్ల గడువుతో తీసుకుంటే నెలకు దాదాపు 17 వేలు కట్టాలి. నగల రుణంపై 10 శాతం వేసుకున్నా వడ్డీయే నెలకు 3,300. ఇక మీ చేతిలో ఉండేది ఏడు వందల రూపాయలు. అప్పటికి డిపాజిట్ కూడా ఉండదు. మీ జీతం ఒక్క నెల ఆలస్యమైనా గృహరుణం వాయిదా తప్పుతుంది. ఏడాది తిరిగేసరికి నగల రుణం అసలు 4 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారో మీ ఉత్తరంలో లేదు. తేలేకపోతే నగలు వేలానికి వెళ్తాయి. రెండు రోజుల్లో చేతికొచ్చే అప్పు మూడేళ్లు మీ జీతాన్ని కట్టిపడేస్తుంది. చదువు కోసం వ్యక్తిగత రుణం తీసుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాల్సి వచ్చినా చెబుతూనే ఉంటాను.

అసలు భయం కలిగించే విషయం మరొకటి ఉంది. బ్లాక్డ్ అకౌంట్‌లో దాదాపు 12 లక్షలు ఉన్నాయి కదా, అమ్మాయికి ఏ కష్టం వచ్చినా అవే ఆదుకుంటాయని తల్లిదండ్రులు ధీమాగా ఉంటారు. ఆ ఖాతా పేరులోనే దాని స్వభావం ఉంది. అందులోంచి నెలకు 992 యూరోలు మాత్రమే బయటికొస్తాయి. అక్కడికి వెళ్లి, బ్యాంకు ఖాతా తెరిచి, వివరాలు ఇచ్చాకే మొదటి నెల సొమ్ము విడుదలవుతుంది. ఖర్చులు మాత్రం మొదటి నెలలోనే ఒక్కసారిగా మీద పడతాయి. గది అద్దె, దానికి తోడు బయానా, సెమిస్టర్ రుసుము, నెలకు 140 యూరోలు దాటే ఆరోగ్య బీమా. జర్మనీ చట్టం ప్రకారం ఇంటి యజమాని మూడు నెలల అద్దె దాకా బయానా అడగవచ్చు. గదికి 350 యూరోలు అనుకుంటే బయానాయే వెయ్యి దాటిపోతుంది. ఖాతాలో 11 వేల యూరోలు కనిపిస్తుంటాయి, బయానాకు కావలసిన వెయ్యి మాత్రం చేతికి రావు. అప్పుడు ఫోను మీకే వస్తుంది. మీరేమో డిపాజిట్‌ను అప్పటికే ఆ ఖాతాలో పోసేసి ఉంటారు.

అందుకే గట్టిగా చెబుతున్నాను: బ్లాక్డ్ అకౌంట్ అత్యవసర నిధి కాదు, కాజాలదు. అది వీసా కోసం చూపించే నెలవారీ ఖర్చు, అంతే. అత్యవసర నిధి దానికి బయట, అడిగిన రోజున చేతికి వచ్చేలా ఉండాలి. పిల్లలను విదేశానికి పంపే కుటుంబానికి ఆ నిధి ఒకటి చాలదు. ఇంటికి ఆరు నెలలకు సరిపడా ఒకటి, పిల్లల కోసం కనీసం రెండు లక్షలు వేరుగా మరొకటి ఉండాలి. మీ ఇంటి ఖర్చు, వాయిదా కలిపి నెలకు 64 వేలు. ఆరు నెలలకు 3.84 లక్షలు. మీ డిపాజిట్ 4.5 లక్షలు. అంటే ఇంటి భాగం నిండింది, అమ్మాయి భాగంలో 66 వేలు ఉన్నాయి. తీసి వాడుకోవడం మాట అటుంచి, దాన్ని ఇంకా పెంచాలి.

ఇప్పుడు రెండో ఏడాది సంగతి. మీ అమ్మాయి లెక్క కాగితం మీద తప్పు కాదు. జర్మనీలో కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకు 13.90 యూరోలు. వారానికి 20 గంటలు పనిచేస్తే నెలకు 1,200 యూరోలు వస్తాయి, ఖర్చు 992. విదేశీ విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 అర రోజులు పనిచేయడానికి అనుమతి కూడా ఉంది. అయితే ఈ చదువు ఎలా సాగుతుందో చూడండి. నాలుగు సెమిస్టర్లు, 120 క్రెడిట్లు, అందులో చివరి 30 సాధారణంగా థీసిస్‌కు. పర్యావరణ ఇంజినీరింగ్‌లో థీసిస్ అంటే చాలాసార్లు ప్రయోగశాలలో ఒక జీవప్రక్రియను నడపడమే. ఉదాహరణకు బయోగ్యాస్ రియాక్టర్‌ను తీసుకుందాం. లోపల వేసిన వ్యర్థం 20 నుంచి 30 రోజులు నిల్వ ఉండాలి. రియాక్టర్ స్థిరపడి, కొలతలు నమ్మదగినవి కావాలంటే అలాంటి మూడు విడతలైనా గడవాలి. అంటే రెండు మూడు నెలలు. మధ్యలో వేసే వ్యర్థం ఎక్కువై ఆమ్లాలు పేరుకుంటే మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. అవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి పని మళ్లీ మొదటికొస్తుంది. రోజూ నమూనాలు తీయాలి, సెలవు రోజుల్లోనూ తప్పదు. ఆ నెలల్లో వారానికి 20 గంటల బయటి ఉద్యోగం ఎలా కుదురుతుంది? రెండేళ్ల కోర్సు ఐదో సెమిస్టరుకో ఆరో సెమిస్టరుకో జరగడం అక్కడ వింతేమీ కాదు. అందులో విద్యార్థి సోమరితనం ఏమీ ఉండదు.

దానికి తోడు, నివాస అనుమతి పొడిగించుకునేటప్పుడు తర్వాతి కాలానికీ డబ్బు ఉందని మళ్లీ చూపించాలి. ‘ఇకపై సంపాదిస్తాను’ అంటే సరిపోదు. మరో మాట, ఈ రంగంలో మంచి పార్ట్‌టైమ్ పనులు నీటిశుద్ధి కేంద్రాల్లో, సలహా సంస్థల్లో దొరుకుతాయి. అక్కడ అనుమతి పత్రాల నుంచి సమావేశాల దాకా చాలావరకు జర్మన్‌లోనే నడుస్తాయి. కోర్సు ఇంగ్లిష్‌లో ఉందని భాషను పక్కన పెట్టొద్దు. బయలుదేరేలోగా బీ1 అనే మధ్యస్థాయి దాకా నేర్పించండి, ఆ ఫీజు దండగ కాదు.

ఇక చేయాల్సింది. విద్యారుణానికే వెళ్లండి. ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు సాధారణంగా తనఖా అడుగుతుంది. దానికి ఆ 200 గజాల స్థలం ఉంది కదా, పత్రాలు సరిగ్గా ఉంటే చాలు. రెండేళ్లకూ కలిపి 20 లక్షలు మంజూరు చేయించుకోండి, తీసుకోవడం మాత్రం విడతలవారీగా. వాడిన సొమ్ముకే వడ్డీ పడుతుంది. బ్లాక్డ్ అకౌంట్ సొమ్మును విద్యారుణం కింద ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి, దరఖాస్తులో ఆ మాట స్పష్టంగా రాయండి. విదేశీ చదువుకు బ్యాంకు 15 శాతం మార్జిన్, అంటే మీ సొంత వాటా, అడుగుతుందనుకుంటే, 12 లక్షలకు మీరు పెట్టాల్సింది 1.8 లక్షలు. వీసా, టిక్కెట్లకు 1.5 లక్షలు. మొత్తం 3.3 లక్షలు.

ఇది ఆ పెళ్లి ఫండ్ల నుంచి రావాలి. ముట్టుకోనని మీరు రాసిన వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. ఎప్పుడో జరగబోయే పెళ్లి డబ్బును కాపాడుతూ, రేపే అవసరం రాగల డిపాజిట్‌ను ఖర్చుపెడుతున్నారు. తలకిందులు చేసిన వరస ఇది. ఇప్పుడు ఆమెకు అవసరమైంది చదువు. మిగిలిన 50 వేలు మొదటి నెల ఖర్చుకు అమ్మాయి చేతికివ్వండి, గది బయానాలో దాదాపు సగం దాంతో తీరుతుంది.

అప్పుడు మొదటి ఏడాది వాడే రుణం 10.2 లక్షలు. 10.5 శాతం చొప్పున వడ్డీ నెలకు 9 వేలు. చదువు సాగుతుండగానే ఈ వడ్డీ కట్టేయండి, అసలులో కలవనివ్వొద్దు. 21 వేలలో ఇంకా 12 వేలు మిగులుతాయి. అవన్నీ అత్యవసర నిధికే. ఏడాదిలో అది దాదాపు 6 లక్షలకు చేరుతుంది, నేను చెప్పిన రెండు భాగాలూ నిండుతాయి. అప్పటిదాకా కొత్త సిప్‌లు, చీటీలు ఏవీ వద్దు. మీరు విద్యారుణంపై కట్టే వడ్డీకి పాత పన్ను విధానంలో ఎనిమిదేళ్లపాటు పరిమితి లేని మినహాయింపు ఉంది. వ్యక్తిగత రుణానికి, నగల రుణానికి అది రాదు. సొంత సొమ్ము ఏడాదిలో పది లక్షలు దాటి పంపితే బ్యాంకు అక్కడికక్కడే వసూలు చేసే పన్ను (టీసీఎస్) పడుతుంది, బ్యాంకు విద్యారుణం సొమ్ముకు పడదు.

రెండో ఏడాది మార్జిన్, కొంత ఖర్చు అమ్మాయి సంపాదన నుంచి రానివ్వండి. మొత్తం రుణం 15 లక్షల దగ్గర ఆగితే పదేళ్ల వాయిదా నెలకు 20 వేల పైచిలుకు. ఉద్యోగం ఆలస్యమైనా మీ మిగులుతో కొంతకాలం నెట్టుకురావచ్చు. పూర్తి 20 లక్షలూ వాడితే 27 వేలు, అది మీ శక్తికి మించినది. సాధారణంగా కోర్సు పూర్తయ్యాక ఏడాది వరకే వాయిదాలకు విరామం ఉంటుంది. కోర్సు గడువు పెరిగితే బ్యాంకుకు ముందుగానే రాసి విరామాన్ని పొడిగించుకోవాలి. చదువయ్యాక జర్మనీలో ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల అనుమతి ఉంది. ఆ నెలల ఖర్చుకు బ్లాక్డ్ అకౌంట్ ఉండదు, మీ నిధే ఉంటుంది.

రుణంలో మీరు సహ రుణగ్రహీత కాబట్టి మీ పేరున టర్మ్ పాలసీ లేకుంటే వెంటనే తీసుకోండి. పీఎఫ్ జోలికి 51 ఏళ్ల వయసులో వెళ్లొద్దు. ఇక్కడ ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో 2021 నుంచి పర్యావరణ విభాగానికి విడిగా పేపరు ఉంది, అర్హత సాధించిన ఎంటెక్ విద్యార్థులకు నెలకు 12,400 ఉపకారవేతనం ఉంది. జర్మనీ కుదరకపోతే అది మంచి దారే.

వీసా గడువులోగా విద్యారుణం మంజూరు కాదని తేలితే, ఆ ఖాళీని వ్యక్తిగత రుణంతో పూడ్చొద్దు. ప్రవేశాన్ని తర్వాతి సెమిస్టరుకు మార్చే వీలుందా అని విశ్వవిద్యాలయానికి రాయించండి. అదే ఉత్తరంలో మీ అమ్మాయిని ఇంకో ప్రశ్న కూడా అడగమనండి: ఈ కోర్సులో చేరినవారు సగటున ఎన్ని సెమిస్టర్లలో పూర్తిచేస్తున్నారు? వచ్చిన జవాబు ఐదు అయితే బ్యాంకు దరఖాస్తులోనూ ఐదనే రాయండి.