నీ మొదటి క్రిమినల్ అప్పీలు గురించి

అమ్మలూ,

దోపిడీ కేసులో శిక్ష పడ్డ కుర్రాడి అప్పీలు మద్రాసు హైకోర్టులో నువ్వే వాదిస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడికి సంబరం, నాకు సంబరంతో పాటు దడ.

అప్పీలు వెయ్యడానికి గడువు 60 రోజులు. తీర్పు సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు మినహాయిస్తారు. శిక్ష నిలుపుదల పిటిషన్ కూడా వేసెయ్. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమల్లా వేరే. నేను తంబుచెట్టి వీధిలో జూనియర్‌గా ఉన్న రోజుల్లో పక్క చాంబర్లో ఇలాంటి అప్పీలే వచ్చింది. ముద్దాయిలు ముగ్గురు. కత్తి చూపించింది ఒకడే. మూడోవాడు స్కూటర్ స్టార్ట్ చేసి ఉంచాడు, అంతే. కింది కోర్టు ముగ్గురికీ ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 397కి, ఉమ్మడి ఉద్దేశంతో చేస్తే అందరూ బాధ్యులేననే సెక్షన్ 34 తగిలించి ఏడేళ్లు వేసింది. వాదించినాయన ఉద్దండుడే. సాక్షుల చేత ముద్దాయిల్ని గుర్తుపట్టించే ఐడెంటిఫికేషన్ పరేడ్ ఆలస్యమైందని లంచ్ దాకా దంచేశాడు. తర్వాత ఆ కేసు కాగితాల కట్ట నా చేతికొచ్చింది. సాక్షుల వాంగ్మూలాల పక్కన ఎర్ర పెన్సిల్ గీతలే గీతలు. శిక్ష రాసిన పేజీలో ఒక్క గీత లేదు! పరేడ్ వాదన వీగిపోయింది, దాంతో అప్పీలూ పోయింది. స్కూటర్ కుర్రాడు ఏడేళ్లూ లోపలే ఉన్నాడు.

397 విడి నేరం కాదు తల్లీ, దోపిడీ శిక్షకు ఏడేళ్ల కనీస హద్దు పెట్టే సెక్షన్. మారణాయుధం తానే వాడినవాడికి తప్ప పక్కవాడికి అది తగలదని 1975లో ఫూల్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే పొడవక్కర్లేదు, భయపెట్టేలా కత్తి బయటికి కనిపించినా వాడినట్టేనని అదే తీర్పులో ఉంది. కాబట్టి నీ క్లయింటు చేతిలో ఏముందో ఏ సాక్షి ఏ మాటల్లో చెప్పాడో అక్షరం వదలకుండా చదువు. 397 ఊడిపోతే మామూలు దోపిడీకి శిక్ష వేసే 392 మిగులుతుంది, దానికి కనీస శిక్ష లేదు. అప్పుడు 'ఇప్పటిదాకా ఉన్న జైలు చాలు' అని అడగొచ్చు.

'నిర్దోషి అంటూనే శిక్ష తగ్గించమనడం ఏంటి పెదనాన్నా' అంటావు, నాకు తెలుసు. చిన్నప్పుడు చదరంగంలో డ్రా ఇస్తానంటే బల్ల మీది పావులన్నీ తోసేసేదానివి. ఆ పౌరుషం ఇక్కడ చూపించకు! జైల్లో ఉండేది నువ్వు కాదు. ముందు నిర్దోషి అని వాదించు, కాదంటే శిక్షైనా తగ్గించమను. రెండూ అప్పీలు గ్రౌండ్స్‌లో (కారణాల్లో) రాయి.

రెండు మూడు సెక్షన్ల కింద శిక్షలు వేసి 'ఏకకాలంలో' అన్న మాట మరిచిపోతే ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి, అదీ చూసుకో. నేరం 2024 జులై 1కి ముందుది కదా, శిక్ష సంగతిలో ఆ రోజు నుంచి ఐపీసీ బదులు వచ్చిన కొత్త న్యాయ సంహితని కలపకు.

ఆ కుర్రాడి తల్లి తెలుగావిడట. బెయిలొస్తే కేసు కొట్టేసినట్టు కాదని ఆవిడకి మన భాషలో నిదానంగా చెప్పు. విసుక్కోకు. నీకు విసుగు జాస్తి, మీ నాన్న పోలికే.

విచారణలో ఉన్నప్పటి జైలు రోజులు శిక్షలోంచి తీసెయ్యాలి. ఆ లెక్క పుళల్ జైలు నుంచి తెప్పించావా? ఇవాళే ఫోన్ చేసి చెప్పు.

మీ పెదనాన్న