పంట బాగా పండే నేలలో టేకు కూడా బాగా పెరుగుతుందా?

మీ పొలంలో ఏళ్లుగా వేరుశనగ, మొక్కజొన్న బాగా పండుతున్నాయని, భూసార పరీక్షలోనూ లోపమేమీ రాలేదని, కాబట్టి మొత్తం టేకు పెట్టవచ్చా అని అడిగారు. ఆ రెండు ఆధారాలూ పైరుకు సరిపోతాయి గానీ టేకుకు సరిపోవు. పరీక్షకు మట్టిని సాధారణంగా పై 15 సెంటీమీటర్ల నుంచే తీస్తారు. ఇరవై ఏళ్లకు పైగా నిలబడి చేవ పట్టవలసిన చెట్టు మాత్రం మీటరు, మీటరున్నర లోతు మట్టిని నమ్ముకుని బతుకుతుంది. అందువల్ల ఏ చెట్టు పెట్టాలో తేల్చుకునే ముందు గోతులు తీయించి, నేల లోపల ఏముందో కళ్లారా చూడమని నా సలహా.

నేను కలప చెట్లు పెట్టదలచినప్పుడు, నేల రంగు గానీ వాలు గానీ మారిన ప్రతిచోటా మీటరున్నర లోతు గొయ్యి తీయించాను. పైకి ఒక్కతీరుగా కనిపించిన పొలం లోపల మూడు రకాలుగా తేలింది. మెరక భాగంలో మోకాలి లోతు దాటగానే గడ్డపార దిగని మొరం తగిలింది. అక్కడ గోతి గోడను చాకుతో గీకి చూస్తే, గట్టు మీది పాత టేకు చెట్టు వేళ్లు మొరం దాకా నిలువుగా దిగి, అక్కడి నుంచి పక్కకు తిరిగి, దాని మీదుగా చదునుగా పాకి ఉన్నాయి. ఆ చెట్టు ఎందుకు గిడసబారిందో అప్పుడు అర్థమైంది.

పల్లంలో పై మట్టి ఎంతో బాగుంది, కానీ రెండడుగుల కింద బూడిద రంగు బంకమట్టిలో తుప్పు రంగు మచ్చలు కనిపించాయి. నీరు నిలిచి గాలి ఆడనప్పుడు మట్టిలోని ఇనుము కరిగి కదులుతుంది, నేల ఆరినప్పుడు తుప్పుగా పేరుకుంటుంది. కనుక గొయ్యి వేసవిలో పూర్తిగా పొడిగా ఉన్నా ఆ మచ్చలు వానాకాలపు సంగతి చెబుతాయి. టేకు వేరు నీటి ముంపును ఓర్చుకోదు. మధ్య భాగంలో మాత్రం గోతి అడుగు వరకూ వదులుగా, సన్నని వేళ్లు అల్లుకున్న ఎర్రమట్టి ఉంది. టేకును అక్కడికే పరిమితం చేసి, పల్లంలో తేమను తట్టుకునే తెల్లమద్దిని, మెరకన వేపను పెట్టాను.

గోతులు ఎలాగూ తీయిస్తారు కాబట్టి నీరు ఇంకే తీరునూ పరీక్షించండి. ఒకసారి నీరు పోసి పూర్తిగా ఇంకనిచ్చి, మళ్లీ పోయండి. రెండోసారి పోసిన నీరు మరునాటికీ నిలిచి ఉంటే ఆ చోట టేకు మాట మరిచిపోవడమే మంచిది. గోతి గోడ నుంచి 0–30, 30–60, 60–90 సెంటీమీటర్ల మట్టిని విడివిడిగా సంచుల్లో కట్టి పరీక్షకు పంపండి, ఎందుకంటే చౌడు, సున్నం చాలాసార్లు కింది పొరల్లోనే దాగి ఉంటాయి. టేకుకు ఉదజని సూచిక (pH, అంటే మట్టి పులుపు, క్షారాల కొలత) 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే అనుకూలం. అది 8.5 దాటితే కారుచౌడు (సోడియం ఎక్కువైన క్షార నేల) ఉన్నట్టు అనుమానించాలి.

వీటితోపాటు చుట్టుపక్కల అలాంటి నేలలోనే పెరిగిన, వయసు తెలిసిన టేకు చెట్లను చూడండి. చూసేటప్పుడు లావు కన్నా ఎత్తుకు విలువ ఇవ్వండి. లావు మొక్కల మధ్య దూరాన్ని బట్టి చాలా మారుతుంది. తోటలో అన్నిటికన్నా పొడవైన చెట్ల ఎత్తు మాత్రం ఎక్కువగా నేల సత్తువనే చూపుతుంది. అడవి పెంపకంలో నేల స్థాయిని లెక్కగట్టడానికి వాడే కొలత కూడా ఇదే.

లారీ పొలం దాకా రాగలదా, పైన కరెంటు తీగలు ఉన్నాయా, నరకడానికి, తరలించడానికి ఏ అనుమతులు కావాలి అన్నవి కూడా ముందే కనుక్కోండి. మొక్కలకు బయానా ఇవ్వడానికి తొందరపడకండి. వేసవిలో తీసిన గోతుల్లో ఒకటి రెండింటిని చుట్టూ కంచె వేసి పూడ్చకుండా ఉంచి, మంచి వానలు పడ్డాక వాటిలో నీరు ఎంత ఎత్తున, ఎన్నాళ్లు నిలుస్తుందో గమనించండి. అప్పుడు మీ పొలంలో టేకుకు ఎంత భాగం పనికొస్తుందో మీరే గీత గీసి చెప్పగలుగుతారు.